మహతి ఎవరిది? బాలమురళి కొత్త రాగాల మీద జరిగే వాదన అసలు దేని గురించి

ఏటా జులై 6, కర్ణాటక సంగీత విద్వాంసుడు మంగళంపల్లి బాలమురళీకృష్ణ పుట్టినరోజు వచ్చిందంటే విజయవాడ వాట్సాప్ గ్రూపుల్లో ఆయన ఫొటో తిరుగుతుంది. ఆయన మహతి, లవంగి లాంటి పాతికకు పైగా రాగాలు సృష్టించారన్న వాక్యం కింద తప్పకుండా ఉంటుంది. కాసేపటికి సంగీతం తెలిసిన ఒకాయన దిగుతారు. రాగాలు సృష్టించడమేంటండీ, అన్నీ 72 మేళకర్తల్లోంచి, అంటే ఏడు స్వరాలూ ఉన్న మూల రాగాల్లోంచి, వచ్చినవే కదా అంటారు. ఇంకొకరు వచ్చి నాలుగు స్వరాలు పేర్చినంత మాత్రాన అది రాగమెలా అవుతుందని అడుగుతారు. అభిమానులకు కోపం వస్తుంది. సంగీతం నేర్చుకోనివాళ్లకు మాత్రం ఏ పక్షం ఏమంటోందో అంతు చిక్కదు.

ఈ గొడవలో మూడు వేర్వేరు ప్రశ్నలు ముడిపడి ఉన్నాయి. ఒక స్వరాల కూర్పును ముందుగా ఎవరు చూశారన్నది ఒకటి. దానికి నడకా, రూపమూ ఎవరిచ్చారన్నది రెండోది. ఆ మనిషి పోయాక కూడా మిగతావాళ్లు దాన్ని పాడుతున్నారా అన్నది మూడోది. చాలామంది మొదటిదాని గురించి అడిగి, రెండోదానికి జవాబు వింటూ, మూడోదాని మీద తీర్పు చెప్పేస్తుంటారు. కాబట్టి లెక్కల దగ్గర మొదలుపెట్టడం మంచిది.

72 ఎక్కడి నుంచి వచ్చాయి

కింది షడ్జమం (స) నుంచి పై షడ్జమం వరకు హార్మోనియం మీద తెల్లవీ నల్లవీ కలిపి 12 స్థానాలు. షడ్జమం, పంచమం కదలవు. మధ్యమం రెండు రకాలు: శుద్ధం, ప్రతి. షడ్జమానికీ మధ్యమానికీ నడుమ నాలుగు మెట్లున్నాయి. వాటిలో రెండు ఎంచుకుని కిందిదాన్ని రిషభమనీ, పైదాన్ని గాంధారమనీ అంటాం. నాలుగింటిలో రెండు ఎంచుకునే పద్ధతులు ఆరు. పంచమానికీ పై షడ్జమానికీ నడుమ కూడా నాలుగు మెట్లే కాబట్టి ధైవత నిషాదాలకూ ఆరు పద్ధతులే. 6 × 6 × 2 = 72. అంతే.

ఈ మేళకర్తల (మేళాల) నుంచి జన్యరాగాలు, అంటే వాటికి పుట్టే పిల్ల రాగాలు, ఎలా వస్తాయో పాఠ్యపుస్తకాల్లో ఇంకో లెక్క ఉంటుంది. ఆరోహణలో, అంటే స్వరాలు పైకి ఎక్కే వరసలో, ఏడు స్వరాలూ ఉంచితే ఒక పద్ధతి. షడ్జమం కాకుండా ఒకటి వదిలేస్తే ఆరు పద్ధతులు, రెండు వదిలేస్తే 15. మొత్తం 22. కిందికి దిగే వరస అయిన అవరోహణకూ అంతే. 22 × 22 = 484, అందులో మేళకర్తను తీసేస్తే 483. ప్రతి మేళానికి 483 చొప్పున 72 మేళాలకు 34,776. ఇందులో ఒకే కూర్పు పలుచోట్ల లెక్కకొస్తుంది. మోహననే చూడండి. మధ్యమం, నిషాదం లేవు కాబట్టి హరికాంభోజి, ధీరశంకరాభరణం, వాచస్పతి, మేచకల్యాణి నాలుగింటిలోనూ అది దొరుకుతుంది.

"అన్నీ ముందే ఉన్నాయి" అనేవాళ్లు ఈ పెద్ద సంఖ్యను చూపిస్తారు. ఆ లెక్క అయిదు స్వరాల దగ్గర ఆగిపోయిందన్న సంగతి మాత్రం ఎవరూ ఎత్తరు. దాని అవసరం కాసేపట్లో వస్తుంది.

నంబరు పడింది, ఇల్లు లేదు

72 మేళాల పట్టిక వేసిన వేంకటమఖి 17వ శతాబ్దంవాడు. తన 'చతుర్దండి ప్రకాశిక'లో 72 సాధ్యమని చెబుతూనే, తన కాలానికి వాడుకలో ఉన్నవి 19 మాత్రమేనన్నాడు. అంటే మిగతా 53 ఖాళీ. ఊరి బయట లేఅవుట్ వేసి రాళ్లు పాతి ప్లాట్లకు నంబర్లు రాసినట్టన్నమాట. నంబరు ఉంది గనక ఇల్లు కూడా ఉందని ఎవరూ అనరు కదా.

ఖరహరప్రియనే తీసుకోండి. ఇవాళ పెద్ద రాగాల జాబితాలో అది లేకపోతే ఒప్పుకోం. అయితే త్యాగరాజు సమకాలికులైన ముత్తుస్వామి దీక్షితులు, శ్యామశాస్త్రి ఆ రాగంలో కృతులు కట్టలేదు. ఖరహరప్రియది 22వ మేళం, దీక్షితుల సంప్రదాయంలో ఆ స్థానంలో శ్రీరాగం ఉంటుంది. త్యాగరాజు 'చక్కని రాజ', 'పక్కల నిలబడి' లాంటి కృతులు వరసగా వచ్చాకే ఖరహరప్రియకు ఇప్పుడు మనం గుర్తుపట్టే రూపం ఏర్పడింది. లెక్క ప్రకారం ఆ స్వరాలు అంతకుముందూ ఉన్నాయి. వాటిలో ఎక్కడ నిలవాలో, ఏ స్వరాన్ని ఊపాలో, ఏ పలుకుతో మొదలుపెడితే వినేవాడికి పేరు తడుతుందో మాత్రం త్యాగరాజు పాటల్లోంచి తేలింది.

రాగమంటే సంగీతజ్ఞులు చెప్పేది దీన్నే. స్వరాల వరస దానికి ఎముకల గూడు లాంటిది. గమకాలు (స్వరాన్ని ఊపే తీరు), జీవస్వరాలు (రాగానికి ప్రాణమైన స్వరాలు), సంచారాలు (స్వరాల మధ్య నడక) పడితేనే రాగం అవుతుంది. ఒకే స్వరాలతో రెండు రాగాలు ఉండగలగడానికి కారణం కూడా ఇదే.

బెజవాడలో ఆ పిల్లాడికి అందినవి

బాలమురళి పుట్టింది 1930లో, అప్పటి తూర్పు గోదావరి జిల్లా శంకరగుప్తంలో. తండ్రి పట్టాభిరామయ్య వేణువు వాయించేవారు, తల్లి సూర్యకాంతమ్మ వీణ. పసిగుడ్డుగా ఉన్నప్పుడే తల్లి పోయారు. తండ్రి విజయవాడలో పారుపల్లి రామకృష్ణయ్య పంతులు గారి దగ్గర చేర్చారు. అసలు పేరు మురళీకృష్ణ. పంతులు గారి ఆధ్వర్యంలో జరిగే త్యాగరాజ ఆరాధనోత్సవంలో, ఇంకా చిన్నపిల్లాడిగా ఉండగానే, పూర్తి కచేరీ చేశాడు. అది విన్న హరికథా విద్వాంసులు ముసునూరి సూర్యనారాయణమూర్తి భాగవతార్ పేరుకు ముందు 'బాల' చేర్చారు. ఎనభై దాటినా ఆ బాల పోలేదు.

పంతులు గారి గురువు సుసర్ల దక్షిణామూర్తి శాస్త్రి. (సినిమాలకు సంగీతం చేసిన సుసర్ల దక్షిణామూర్తి వేరు, పేర్లు ఒకటే కావడంతో చాలామంది పొరబడతారు.) శాస్త్రి గారి గురువు మానాంబుచావడి వెంకటసుబ్బయ్య. ఆయన త్యాగరాజుకు నేరుగా శిష్యుడు. అలా త్యాగరాజు నుంచి లెక్కేస్తే బాలమురళి అయిదో మనిషి.

ఈ పరంపరను మనవాళ్లు గొప్పగా చెప్పుకుంటారు గానీ, దాన్ని ఒక యోగ్యతాపత్రంగా వాడి వదిలేస్తారు. కొత్త రాగాల గొడవకు దానితో నేరుగా సంబంధం ఉంది. మానాంబుచావడి వారి మిగతా శిష్యులు ఎవరో చూడండి. ఒకరు మహా వైద్యనాథయ్యర్. 72 మేళాలనూ ఒకే రచనలో గుచ్చి మేళరాగమాలిక కట్టినాయన. ఇంకొకరు పట్నం సుబ్రహ్మణ్యయ్యర్. కదనకుతూహలం రాగాన్ని తెచ్చింది ఆయనేనని చెబుతారు. దాని ఆరోహణ మెట్టు తర్వాత మెట్టు ఎక్కదు, స రి మ ద ని గ ప స అని గెంతుతూ పోతుంది. అంటే కొత్త మేళాల్లో పాట కట్టడం, వినని వరసను కచేరీలోకి తేవడం ఈ చెట్టు కొమ్మల్లో ముందునుంచీ ఉన్న అలవాట్లే. పాతకాపులు బాలమురళిని సంప్రదాయం తప్పినవాడన్నప్పుడు, ఏ సంప్రదాయం అని ఎదురు అడగాల్సి ఉంటుంది.

ఇరవయ్యో ఏటికి కాస్త అటూఇటూగా ఆయన 72 మేళకర్తల్లోనూ కృతులు కట్టేశారు. 1952లో అవి 'జనక రాగ కృతి మంజరి'గా అచ్చయ్యాయి. తర్వాత 'రాగాంగ రవళి' పేరుతో తొమ్మిది భాగాలుగా రికార్డులూ వచ్చాయి. ఇదేదో వరసపెట్టి లెక్క పూర్తిచేయడం అనుకోవద్దు. 72లో 40 వివాది మేళాలు. రిషభ గాంధారాల ఆరు జతల్లో మొదటిదీ చివరిదీ, ధైవత నిషాదాల్లోనూ మొదటిదీ చివరిదీ నాలుగు మెట్లలో కింది రెండింటినో పై రెండింటినో పట్టుకుంటాయి, వాటిని వివాదులంటారు. అవి లేనివి 4 × 4 × 2 = 32. మిగిలిన 40 గొంతుకు ఇబ్బంది పెట్టేవి, వాటిని పాడితే అరిష్టమని నమ్మినవాళ్లూ ఉన్నారు. ఆ నలభైలో కూడా ఒక్కోదానికి సాహిత్యంతో సహా రూపం ఇచ్చిన కుర్రాడికి, ఒక రాగం ఏ స్వరాన్ని తీసేసినా బతుకుతుంది, ఏది తీస్తే చచ్చిపోతుంది అన్న సంగతి చెవికి పట్టి ఉంటుంది. నాలుగు స్వరాల రాగాల ఆలోచనకు పునాది ఇక్కడే పడిందని నాకనిపిస్తుంది.

రెండో బడి రేడియో. 1948 డిసెంబరులో విజయవాడ ఆకాశవాణి కేంద్రం మొదలైంది. బాలమురళి అందులో పనిచేశారు. బాలాంత్రపు రజనీకాంతరావు, వోలేటి వెంకటేశ్వర్లు, శ్రీరంగం గోపాలరత్నం లాంటివాళ్లు అదే గూటివాళ్లు. పొద్దున్నే వచ్చే భక్తిరంజని కోసం నాలుగైదు నిమిషాల్లో ముగిసేలా పాడాలి, మాట స్పష్టంగా వినపడాలి. భద్రాచల రామదాసు కీర్తనలు భజనల్లో రకరకాలుగా వాడుకలో ఉండేవి. 'పలుకే బంగారమాయెనా' అనగానే ఇవాళ మన చెవిలో మోగేది ఎక్కువగా ఆయన గొంతే. సాగదీయకుండా తక్కువలో పని కానివ్వడం రేడియో నేర్పిన పాఠం. విజయవాడ ప్రభుత్వ సంగీత కళాశాలకు తొలి ప్రిన్సిపాల్ కూడా ఆయనే. తర్వాత మకాం మద్రాసుకు మారింది.

వాద్యాలు మూడోది. వయొలిన్, వయోలా, వీణ, మృదంగం, కంజీరా వాయించేవారు. వయోలా మీద ఇతరులకు పక్కవాద్యమూ చేశారు. తీగ మీద వేలు పెట్టేవాడికి స్వరం అంటే ఒక చోటు. పాట ద్వారా మాత్రమే రాగాన్ని నేర్చుకున్నవాడు చూసే తీరు దీనికి కొంచెం వేరుగా ఉంటుంది.

మహతిని విప్పి చూస్తే

మహతిలో స, గ, ప, ని నాలుగే స్వరాలు. అంతర గాంధారం (నాలుగు మెట్లలో అన్నిటికన్నా పైది), కైశికి నిషాదం (తన నాలుగు మెట్లలో మూడోది). ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ ఇవే. 'మహనీయ మధుర మూర్తే' ఇందులో ఆయన కట్టిన కృతి.

ఇది ఏ మేళానికి బిడ్డ? పుస్తకాలు హరికాంభోజి అంటాయి. లెక్క మాత్రం అంత తేలిగ్గా తేలదు. అంతర గాంధారం పక్కన మూడు రిషభాల్లో ఏదైనా రావచ్చు. కైశికి నిషాదం కింద శుద్ధ ధైవతం గానీ చతుశ్శ్రుతి ధైవతం గానీ ఉండవచ్చు. మధ్యమం రెండింటిలో ఏదైనా సరే. 3 × 2 × 2 = 12. వకుళాభరణం, చక్రవాకం, చారుకేశి, హరికాంభోజి మొదలుకొని నాసికాభూషణి దాకా పన్నెండు మేళాలు దీన్ని మాదేనని చెప్పుకోవచ్చు. మోహనకు నాలుగిళ్లయితే మహతికి పన్నెండు. స్వరాలు తగ్గుతున్నకొద్దీ తల్లి మేళం అన్న మాటకు పట్టు సడలుతుంది. అందుకే ఇలాంటి రాగాల విషయంలో "ఫలానా మేళంలో ముందే ఉంది" అనడం పెద్దగా ఏమీ చెప్పినట్టు కాదు.

పాడేవాడి కష్టం ఇంకోటుంది. హరికాంభోజిలో గాంధారాన్ని మధ్యమం వైపు ఊపుతూ పాడొచ్చు. మహతిలో మధ్యమం లేదు, అలా ఊపితే లేని స్వరం తొంగిచూస్తుంది. కాబట్టి స్వరాన్ని తిన్నగా నిలపాలి, ఒక స్వరం నుంచి మరోదానికి పెద్ద అంగతో జారాలి. బాలమురళి గొంతు మూడు స్థాయిల్లోనూ సులువుగా తిరిగేది, ఆయన శైలే తిన్నని స్వరానికి చోటిచ్చేది. పియానో తెలిసినవాళ్లకైతే ఈ నాలుగు స్వరాలూ ఒకేసారి నొక్కితే పాశ్చాత్య సంగీతంలో రోజూ వినపడే ఒక కార్డ్ వస్తుంది. ఎం.ఎస్. విశ్వనాథన్ తమిళ సినిమా 'అపూర్వ రాగంగళ్' (1975)లో మహతిని వాడినప్పుడు సినిమా చెవికి అది పరాయిగా తోచకపోవడానికి ఇదీ ఒక కారణం కావచ్చు.

లవంగి ఇంకా గడ్డు సరుకు. స, శుద్ధ రిషభం, శుద్ధ మధ్యమం, శుద్ధ ధైవతం. పంచమమే లేదు. 'ఓంకారాకారిణి' అందులోది. సిద్ధి, సుముఖం కూడా నాలుగు స్వరాలవే. సర్వశ్రీ, ఓంకారి, గణపతి అయితే మూడింటితోనే సరిపెట్టుకుంటాయి.

కాదన్నవాళ్లు ఏమన్నారు

వీణ విద్వాంసుడు ఎస్. బాలచందర్ ఈ రాగాల విషయంలో బాలమురళిని బహిరంగంగానే నిలదీశారు. ఆ తగాదా పత్రికలకెక్కింది. వ్యక్తుల మధ్య మాటామాటా పక్కన పెట్టి వాదాల్ని మాత్రమే చూస్తే రెండు కనిపిస్తాయి.

ఒకటి, ఇందులో కొత్తేమీ లేదు, స్వరాలన్నీ ఉన్నవే. రెండోది, అయిదు స్వరాలకు తక్కువైతే అది రాగమే కాదు. ఒకే మనిషి రెండూ అంటే చిక్కు. 483 లెక్క అయిదు స్వరాల దగ్గర ఆగిందని ముందే చూశాం. మహతి రాగం కాదంటే ఆ పట్టికలో దానికి చోటు లేదని ఒప్పుకున్నట్టు. పట్టికలో లేనిది "ముందే ఉన్నది" ఎలా అవుతుంది? మహతి ఉన్నదేనంటారా, అప్పుడు నాలుగు స్వరాల రాగాలకు పట్టిక తలుపు తెరిచినట్టే. ఏదో ఒకటి వదులుకోక తప్పదు.

రెండో వాదానికి బలం లేకపోలేదు. మతంగుడు రాసిన పాత సంగీత గ్రంథం బృహద్దేశిలోనే నాలుగు స్వరాలవి మార్గ (శాస్త్రానికి కట్టుబడ్డ) సంగీతంలోకి రావన్న మాట ఉంది. అవి శబరులు, పుళిందులు లాంటివారి పాటల్లో ఉంటాయని చెబుతాడు. శాస్త్రం ఒప్పుకోకపోయినా జనం పాడుతున్నారని అదే వాక్యం సాక్ష్యం చెబుతోంది కూడా. నారదీయ శిక్ష అనే మరో పాత గ్రంథంలో ఒక స్వరంతో ఆర్చికం, రెంటితో గాథికం, మూడింటితో సామికం, నాలుగింటితో స్వరాంతరం అని పేర్లే ఉన్నాయి. హిందుస్తానీలో మాలశ్రీ ముఖ్యంగా స, గ, ప మీదే నడుస్తుంది. బాలమురళి వైపువాళ్లు చూపించేవి ఇవి.

నన్నడిగితే గట్టి అభ్యంతరం స్వరాల సంఖ్యలో లేదు, విస్తృతిలో ఉంది. తోడినో కాంభోజినో గంటసేపు పాడినా చెప్పాల్సింది మిగులుతుంది. మూడు స్వరాల రాగంలో పది నిమిషాలకు పలుకులు తిరిగి తిరిగి వస్తాయి. ఒక కృతికి సరిపోయినంత మాత్రాన ఆలాపనకు, కచేరీలో రాగాన్ని సుదీర్ఘంగా విస్తరించే రాగం తానం పల్లవికి సరిపోతుందా అన్నది న్యాయమైన ప్రశ్న. మహతి, లవంగి ఆ పరీక్షలో కొంతదూరం వస్తాయి. మూడు స్వరాలవి ఆయన చేతిలో ప్రయోగాలుగా బాగున్నాయి. అంతకుమించి సాగదీయడం అభిమానుల ఉత్సాహం.

ఇంకో చిన్న మాట. ఆయన పేరున ఉన్న కొత్త రాగాలన్నీ ఇలా పొట్టివి కావు. 'సృష్టి' మీద వాదన మొత్తం నాలుగు స్వరాల చుట్టూనే తిరగడంతో, తాళాల్లో చేసిన పని మరుగున పడింది. తాళం వేసేటప్పుడు శబ్దం వచ్చే క్రియల్ని (దెబ్బల్ని) కూడా గతుల ప్రకారం, అంటే మూడు, అయిదు, ఏడు లాంటి భాగాలుగా విడదీసి త్రిముఖి, పంచముఖి, సప్తముఖి, నవముఖి అని ఆయన ప్రతిపాదించారు. దాని మీద చర్చ చాలా తక్కువ.

మిగతావాళ్లు పాడుకుంటున్నారా

మూడో ప్రశ్నకు పోలిక కావాలంటే హంసధ్వని ఉంది. ఇవాళ 'వాతాపి గణపతిం' లేని వినాయకచవితి పందిరి ఉండదు. ఆ రాగాన్ని తెచ్చింది ముత్తుస్వామి దీక్షితుల తండ్రి రామస్వామి దీక్షితులని ప్రసిద్ధి. అయిదు స్వరాల చిన్న రాగం. కొడుకు అందులో ఈ 'వాతాపి' కృతి కట్టాడు. త్యాగరాజు 'రఘునాయక' కట్టారు. మానాంబుచావడి వెంకటసుబ్బయ్య 'జలజాక్ష' వర్ణం రాశారు. అక్కడి నుంచి హిందుస్తానీలోకీ పాకింది. ఒకరు తెచ్చిన రాగం వేరే బాణీవాళ్ల చేతుల్లోకి వెళ్లి, వాళ్లు తలా ఒక పలుకు చేర్చాక, ఎవరు సృష్టించారన్న పేచీయే లేకుండా పోయింది.

మహతి ఆ దారిలో ఎంతవరకు వచ్చింది? బాలమురళి కృతులు శిష్యులు పాడుతున్నారు. సినిమాలో ఒక పెద్ద పాట వచ్చింది. అరుదైన రాగాల మీద ఇష్టమున్న వాద్యకారులు మహతిని, లవంగిని అప్పుడప్పుడు ఎత్తుకుంటారు. ఇతర వాగ్గేయకారులు కట్టిన కృతుల బలం మాత్రం హంసధ్వనితో పోల్చదగ్గది కాదు. ఆయన 2016 నవంబరు 22న చెన్నైలో కన్నుమూశారు. సృష్టించినవాడి గొంతు సాయం లేకుండా ఈ రాగాలు బతుకుతున్న కాలం ఇంకా చిన్నదే.

ఆయన రచనల్లో ఇప్పటికే ఊరూరా స్థిరపడ్డవి తిల్లానాలు, అంటే ఎక్కువగా జతులతో నడిచే హుషారైన చివరి పాటలు. కూచిపూడి, భరతనాట్యం నేర్పే చోట్ల ఆయన పేరు పిల్లల నోట పలికేది ఎక్కువగా వాటివల్లే. అందులో బాగా ప్రచారమైన ఒకటి కదనకుతూహలంలో ఉంది. అది ఆయన తెచ్చిన రాగం కాదు, పట్నం సుబ్రహ్మణ్యయ్యర్ నుంచి వచ్చింది. ఒకప్పుడు అదీ వింతే.